ఫియర్‌లెస్ నాదియా: 33 ఏళ్లు నిలబడిన ఒక స్టంట్ నటి (కేస్ స్టడీ)

"నాకు భయం లేదక్కా."

ట్రైనింగ్‌కి వచ్చే అమ్మాయిల్లో చాలామంది మొదటి రోజు చెప్పే మాట ఇదే. పోయిన నెల చేరిన అమ్మాయి కూడా ఇదే చెప్పింది. ఇరవై ఏళ్లుంటాయి. కబడ్డీ ఆడేది, ఒళ్లు గట్టిది. పన్నెండడుగుల ఎత్తు నుంచి అట్టపెట్టెల మీదకి దూకమంటే, పెట్టెలు ఎలా పేర్చామో కూడా చూడకుండా దూకేసింది. అదృష్టం, దెబ్బ తగల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను ఆమెతో మళ్లీ దూకించలేదు.

నేను పదహారేళ్లు హీరోయిన్లకి డూప్‌గా పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో అమ్మాయిలకి ఫైట్లు, ఫాల్స్ (ఎత్తు నుంచి పడడం), రోప్ వర్క్ (తాడు కట్టుకుని చేసే ఫీట్లు) నేర్పిస్తున్నాను. ప్రతి బ్యాచ్‌కీ ఒక కేసు చెప్తాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఈ నాదియా మన 'అత్తారింటికి దారేది' నదియా కాదు. 1935లో బొంబాయిలో హంటరు పట్టుకుని తెర మీదకి వచ్చిన నాదియా. పోస్టర్ల మీద ఆమె పేరు ముందు 'ఫియర్‌లెస్' అని వేసేవాళ్లు. ఆ ఒక్క మాట ఆమె చేసిన పనినంతా మింగేసిందని నా అభిప్రాయం. అందుకే ఈ కేసు తీసుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఆమె 1935 నుంచి 1968 దాకా తెర మీద కనిపించింది. చాలామటుకు డూప్ లేకుండా తనే చేసింది. 88వ పుట్టినరోజు జరుపుకున్న మర్నాడు, 1996 జనవరి 9న పోయింది. మా పనిలో ఎవరి కెరీర్ గురించి చెప్పినా నేను ముందు అడిగేది ఇదే: ఎన్నేళ్లు చేసింది, ఎన్నేళ్లు బతికింది? ఎన్ని సినిమాలు చేసిందన్నది ఆ తర్వాతి సంగతి.

సినిమాకి ముందు

అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. 1908 జనవరి 8న ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టింది. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేసేవాడు, తల్లి గ్రీకు మనిషి. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, తండ్రి ఫ్రాన్స్‌లో చనిపోయాడు. తర్వాత కొన్నేళ్లకి పెషావర్ వెళ్లి అక్కడ పెరిగింది. గుర్రపు స్వారీ, తుపాకీ పేల్చడం, వేట అక్కడే నేర్చుకుంది. 1928లో తల్లితో, చిన్న కొడుకుతో బొంబాయి తిరిగొచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇరవై ఏళ్ల మనిషి, చంకలో కొడుకు, మీద తల్లి బాధ్యత. ఒక పెద్ద దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా చేసింది, షార్ట్‌హ్యాండ్, టైపు నేర్చుకుంది. ఒళ్లు తగ్గుతుందని బ్యాలే డాన్సు క్లాసులో చేరింది. మేడమ్ ఆస్ట్రోవా అనే రష్యన్ టీచర్ ఆమెని తన ట్రూపులోకి తీసుకుంది. ఆ ట్రూపు ఊరూరా తిరిగేది. కంటోన్మెంట్లలో సోల్జర్ల ముందు, సంస్థానాల్లో రాజుల ముందు, చిన్న ఊళ్లలో మామూలు జనం ముందు ఆడేది. బండి మొగ్గలు, స్ప్లిట్లు అక్కడ బాగా వంటబట్టాయి. కొన్నాళ్లు సర్కస్‌లో కూడా చేసింది. పేరు మార్చుకోమని జోస్యం చెప్పేవాళ్లెవరో చెబితే 'నాదియా' అని పెట్టుకుంది.

ఈ భాగాన్ని నేను క్లాసులో రెండుసార్లు చెప్తాను. కెమెరా ముందుకి వచ్చేసరికి ఆమెకి 27 ఏళ్లు. అప్పటికే గుర్రం మీద కుదురుగా కూర్చోవడం, గాల్లో ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియడం, పదిమంది చూస్తున్నా తడబడకపోవడం, ఈ మూడూ ఏళ్ల తరబడి చేసి ఉంది. వీటిల్లో ఏదీ ధైర్యం కాదు, అలవాటు. పోస్టర్ చూసినవాడికి ధైర్యం కనిపిస్తుంది. నాకు మాత్రం పెషావర్ గుర్రాలు, బ్యాలే క్లాసు, సర్కస్ డేరా కనిపిస్తాయి.

ఎలా తీసుకున్నారు

వాడియా మూవీటోన్ అనే సినిమా కంపెనీ 1933లో మొదలైంది. జె.బి.హెచ్. వాడియా, ఆయన తమ్ముడు హోమీ వాడియా నడిపేవాళ్లు. ఓడలు కట్టిన పార్సీ కుటుంబం వాళ్లది. పెద్దాయన చదువుకున్న మనిషి, హాలీవుడ్ హీరో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ సాహస సినిమాలంటే ప్రాణం. వాళ్లు ఎక్కువగా తీసినవి స్టంట్ సినిమాలు. అప్పటి పెద్దమనుషులు ఈ సినిమాలని చిన్నచూపు చూసేవాళ్లు. మిల్లు కార్మికులు, చిన్న ఊళ్ల జనం, నేల టికెట్టు ప్రేక్షకులు మాత్రం ఎగబడేవాళ్లు.

నాదియాని వాడియాలకి పరిచయం చేసింది లాహోర్‌లో ఒక థియేటర్ మేనేజర్. బంగారు రంగు జుట్టు, నీలి కళ్లు, భారీ మనిషి, హిందీ అంతంతమాత్రం. ఈమెతో ఏం తీయాలో వాళ్లకీ వెంటనే తోచలేదు. పేరు 'నందాదేవి' అని మార్చుకోమంటే ఒప్పుకోలేదు. నల్ల జడలు పెట్టుకోవడానికీ ఒప్పుకోలేదు. హిందీ నేర్చుకోమంటే మాత్రం కూర్చుని నేర్చుకుంది. ఏది మార్చుకోవాలో, ఏది మార్చుకోకూడదో ఆమెకి తెలుసు.

వాడియాలు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. ఆమెని సరాసరి హీరోయిన్‌ని చేయలేదు. ముందు ఒక సినిమాలో బానిస పిల్లగా కాసేపు కనిపించే వేషం ఇచ్చి జనం ఎలా తీసుకుంటారో చూశారు. తర్వాత 'నూర్-ఎ-యమన్'లో రాకుమారి వేషం ఇచ్చారు. అదీ కుదిరాకే 'హంటర్‌వాలీ' కథ అనుకున్నారు. మెట్టు మెట్టుగా ఎక్కించారన్నమాట. ఇప్పుడు మన దగ్గర కొత్త అమ్మాయిని మొదటి రోజే రోప్ కట్టి నలభై అడుగులు లేపుతారు. "ఏం కాదమ్మా, పట్టుకుంటాం" అంటారు.

హంటర్‌వాలీ

కొరడాని మనం తెలుగులోనూ హంటరు అనే అంటాం కాబట్టి ఈ పేరుకి అర్థం చెప్పక్కర్లేదు. రాకుమారి మాధురి ముసుగేసుకుని, గుర్రమెక్కి, హంటరు ఝళిపించి చెడ్డ మంత్రి ఆట కట్టిస్తుంది. డైరెక్షన్ హోమీ వాడియా. ఆరు నెలలు పట్టింది. ఖర్చు 80,000 రూపాయలు దాటింది. స్టంట్ సినిమాకి ఆ రోజుల్లో అది ఎక్కువే. తెల్లమ్మాయి నిక్కరు వేసుకుని మగాళ్లని కొడుతుంటే ఎవరు చూస్తారని డిస్ట్రిబ్యూటర్లు వెనక్కి తగ్గారు. వాడియాలు తమ పార్ట్‌నర్‌తో కలిసి సొంతంగా రిలీజ్ చేశారు. బొంబాయి గ్రాంట్ రోడ్‌లో ఇరవై అయిదు వారాలకి పైగా ఆడింది. ఆమె పేరు మీద బెల్టులు, కొరడాలు, అగ్గిపెట్టెలు అమ్ముకున్నారు. వాటిల్లో వాడియాలకి గానీ, ఆమెకి గానీ పైసా రాలేదు, ఎవరికి వాళ్లు అచ్చేసుకున్నవే.

ఆ తర్వాత వరసగా 'మిస్ ఫ్రాంటియర్ మెయిల్' (1936), 'పంజాబ్ మెయిల్' (1939), 'డైమండ్ క్వీన్' (1940), 'జంగిల్ ప్రిన్సెస్' (1942).

'మిస్ ఫ్రాంటియర్ మెయిల్' గురించి వివరంగా చెప్పాలి. ఇందులో ఆమె పేరు సవిత. తప్పుడు హత్య కేసులో ఇరుక్కున్న స్టేషన్ మాస్టర్ని బయటపడేసి, 'సిగ్నల్ ఎక్స్' అనే ముసుగు విలన్‌ని పట్టుకోవాలి. రైలు పైకప్పు మీద ఫైటుంది. అది నేను కొన్ని పదుల సార్లు చూసి ఉంటాను. చూసేటప్పుడు పిల్లల్ని మొహం చూడొద్దంటాను. మోకాళ్లు చూడమంటాను. ఒక్క క్షణం కూడా కాళ్లు బిగపట్టి నిలబడదు. మోకాళ్లు కాస్త వంచి, పాదాలు భుజాలకన్నా వెడల్పుగా పెట్టి, బరువంతా కిందకి దించి ఉంటుంది. కదిలే బండి మీద నిలబడడమంటే అంతే. మన సిటీ బస్సులో కండక్టర్‌ని చూడండి, అలాగే నిలబడతాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నవాళ్లకన్నా నాదియాలాంటి ఒళ్లున్న మనిషికి ఇది నిజానికి తేలిక. "ఈ ఒంటితో హీరోయిన్ ఏమిటి" అని ఎవరైనా అని ఉంటే, వాళ్లకి ఆ ఒళ్లే ఆమె పెట్టుబడి అని తెలియదు.

ఇంకొకటి, మనిషిని ఎత్తి విసరడం. ఆమె సినిమాల్లో జనం ఈలలు వేసేది దీనికే. నిండు మగాడిని భుజాల మీదకి ఎత్తుకుని గిరాటేస్తుంది. అది బలం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎత్తేవాళ్లు ముందు కిందకి కూర్చున్నట్టు వంగాలి. బరువు తొడల మీద పడాలి గానీ నడుము మీద పడకూడదు. ఎత్తబడేవాడు సరిగ్గా అదే క్షణంలో కాలితో నేలని తన్ని పైకి లేవాలి, పొట్ట బిగపట్టాలి. వాడు కాస్త వదులైతే అరవై కిలోల మనిషి నూట ఇరవై కిలోల బస్తా అవుతాడు. విసిరినప్పుడు కూడా సగం వాడే దూకుతాడు, దొర్లుతాడు. అంటే ఈ ఫీటులో ఇద్దరు ఆర్టిస్టులున్నారు. ఎన్నో రిహార్సల్స్ చేసిన జంట మాత్రమే అంత నున్నగా చేయగలదు.

ఆమె కెరీర్‌లో అసలు రహస్యం ఇదేనని నేను నమ్ముతాను. యూనిట్ మారలేదు. డైరెక్టర్ హోమీ. పక్కన జాన్ కావస్, బాడీ బిల్డింగ్ ఛాంపియన్. ఇంకో నటుడు బోమన్ ష్రాఫ్. గుర్రం కూడా అదే, 'పంజాబ్ కా బేటా' అని దానికి టైటిల్స్‌లో పేరు. 'గన్‌బోట్' అనే కుక్క. 'రోల్స్ రాయిస్ కీ బేటీ' అని పేరు పెట్టిన పాత కారు. ఏళ్ల తరబడి అదే మనుషులు, అదే జంతువులు, అదే స్టూడియో. ఎవరి చెయ్యి ఎప్పుడు అందుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేంత అలవాటు. పెద్ద బడ్జెట్ లేదు, కానీ కొత్త మనిషి చేతిలో ఆమె ప్రాణం పెట్టాల్సిన అవసరం రాలేదు. మా పనిలో ఇంతకన్నా మంచి ఇన్సూరెన్స్ లేదు.

ఇందులో నేను సమర్థించనివి

ఆమె బాగానే బతికింది కదా అని ఆమె చేసిందంతా సరైన పద్ధతి అని చెప్పను. తక్కువ బడ్జెట్ కాబట్టే డూప్ లేదు. రైలు కప్పు మీద నడుముకి తాడు కనిపించదు. 'జంగిల్ ప్రిన్సెస్' కోసం నిజమైన సింహాలతో పనిచేసింది. ఇవాళ అలాంటి షాట్ ఎవరైనా నా పిల్లల చేత చేయిస్తానంటే కాల్‌షీట్ చింపేసి వస్తాను. ఆమె అనుభవం ఆమెని కాపాడింది, నిజమే. అదృష్టం కూడా కాపాడింది. ఈ రెండింటినీ 'ఫియర్‌లెస్' అనే ఒక్క మాటలో కలిపేసి అమ్మారు. అమ్మినవాళ్లకి ఆ మాట లాభం. ఆమె తర్వాత వచ్చిన ఆడపిల్లలకి మాత్రం నష్టమే చేసింది. ఎందుకంటే భయం లేదంటే ఇక రక్షణ ఏర్పాట్లు ఎందుకు అంటారు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. నేను డూప్‌గా చేస్తున్న రోజుల్లో ఒక సినిమాకి మేడ మీద నుంచి పక్క మేడ మీదకి రోప్ జంప్ ఉంది. పొద్దున రిహార్సల్‌లో రోప్ లాగిన నలుగురు ఫైటర్లు నాకు తెలిసినవాళ్లు. మధ్యాహ్నం టేక్ టైంకి వాళ్లలో ఇద్దరిని ఇంకో చోటికి పంపి, కొత్తవాళ్లని నిలబెట్టారు. ఒకసారి రిహార్సల్ చేద్దామన్నాను. "నీకు భయమేంటమ్మా, నువ్వు పులివి" అన్నారు. ఎండ పోతోందన్నారు. కొత్త కుర్రాడు రెప్పపాటు ఆలస్యంగా లాగాడు. పిట్టగోడకి భుజం కొట్టుకుంది. నాలుగు నెలలు చెయ్యి పైకి లేవలేదు. ఆ కుర్రాడిది తప్పు కాదు. అతనికి నా బరువు తెలీదు, నా టైమింగ్ తెలీదు. పేమెంట్ ఆ ఒక్క రోజుది ఇచ్చారు. పులినన్న మాట నమ్మి దూకాను. ఆ రోజు భయపడి ఉంటే బాగుండేది.

నాదియా సినిమాలు మొదటిసారి వరసపెట్టి చూసింది ఆ నాలుగు నెలల్లోనే, మంచం మీద పడుకుని. చూస్తున్నకొద్దీ అవే మొహాలు మళ్లీ మళ్లీ కనిపించడం గమనించాను. నా గాయానికి కారణమేంటో ఆ బొమ్మలు చూస్తుంటే అర్థమైంది.

రెండో సగం

1940ల మొదట్లో అన్నదమ్ముల దారులు వేరయ్యాయి. పెద్దాయనకి గౌరవప్రదమైన సినిమాలు తీయాలని ఉంది. హోమీకి స్టంట్ సినిమాల మీదే నమ్మకం. 1942లో హోమీ విడిపోయి బసంత్ పిక్చర్స్ పెట్టాడు. పరేల్‌లో ఉన్న వాడియా స్టూడియో తర్వాత డైరెక్టర్ శాంతారామ్ చేతికి వెళ్లి రాజ్‌కమల్ స్టూడియో అయింది. నాదియా హోమీతో వెళ్లింది. 1943లో 'హంటర్‌వాలీ కీ బేటీ' తీశారు, మళ్లీ పెద్ద హిట్. ఎనిమిదేళ్ల తర్వాత అదే హంటరు, అదే మనిషి, అదే కేక.

ఇక్కడ ఇంకో నిజం చెప్పాలి. ఆమె కెరీర్ మొత్తం ఒక కుటుంబం చేతుల్లో ఉంది. అది బలం అని పైన రాశాను. బలహీనత కూడా అదే. వేరే బ్యానర్లో ఆమె పెద్దగా నిలదొక్కుకోలేదు. నలభై దాటాక సినిమాలు తగ్గాయి. యాభైల్లో హోమీ మాయలు, మంత్రాల కథలు తీసి బాగా సంపాదించాడు, వాటికి వేరే హీరోయిన్లు వచ్చారు. ఆమె అడపాదడపా చేసింది. 1959లో 'సర్కస్ క్వీన్', ఆపైన చాలా ఖాళీ. చివరగా 1968లో 'ఖిలాడీ', అప్పటికి అరవై ఏళ్లు.

హోమీతో బంధం ఎంతో ముందు నుంచీ ఉన్నదే. పెళ్లి మాత్రం 1961లో అయింది. హోమీ తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ పోయేదాకా ఆగారు. అప్పటికి నాదియాకి 53 ఏళ్లు. తెర మీద మంత్రుల్నీ, విలన్లనీ ఎత్తి విసిరిన మనిషి ఇంట్లో ఒక్క 'సరే' కోసం పాతికేళ్ల దాకా ఎదురుచూసింది. ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. మా పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో తాము ఏం పని చేస్తున్నారో చెప్పలేదు. "షూటింగ్‌లో మేకప్ హెల్పర్" అని చెప్పుకున్నవాళ్లున్నారు.

గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. 1993లో హోమీ వాళ్ల కుటుంబంలోని కుర్రాడే, రియాద్ విన్సీ వాడియా, ఆమె మీద డాక్యుమెంటరీ తీశాడు. దాంతో ప్రపంచానికి మళ్లీ గుర్తొచ్చింది. ఆమె బతికుండగా ఇది జరగడం నాకు ఊరట. 2018 జనవరి 8న, 110వ జయంతికి, గూగుల్ తన పేజీ మీద ఆమె బొమ్మ వేసింది. ఆ రోజు పొద్దున ఫోన్ తెరిచి, ఆ బొమ్మ చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

మన దగ్గర

తెలుగులో ఈ దారిలో నడిచినవాళ్లలో నాకు మొదట గుర్తొచ్చేది విజయలలిత. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'రౌడీ రాణి'. తక్కువ ఖర్చు, తక్కువ రోజులు, గుర్రం, తుపాకీ, ప్యాంటు వేసుకున్న ఆడమనిషి. మా అమ్మ ఆ సినిమా గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ కూర్చోదు, లేచి నిలబడి చేసి చూపిస్తుంది. తర్వాత విజయలలిత అక్క కూతురు విజయశాంతి 'కర్తవ్యం'తో (1990) జాతీయ ఉత్తమ నటి అయింది. ఫైట్లు చేసే ఆడమనిషికి ఆ అవార్డు రావడం చిన్న విషయం కాదు. విజయశాంతి నాదియాని చూసి నేర్చుకుందని నేను అనను. కానీ ఆడమనిషి కొడితే జనం టికెట్టు కొంటారా అన్న ప్రశ్నకి 1935లో ఒకసారి జవాబు వచ్చింది. అయినా ప్రతి తరంలో ప్రొడ్యూసర్లు అది మళ్లీ మొదటిసారి అడుగుతున్నట్టే అడుగుతారు.

ఈ కేసు చూశాక నా పద్ధతిలో మారినవి

మొదటిది, ట్రైనింగ్‌లో జంటలు మార్చను. ఎత్తేవాళ్లు, ఎత్తబడేవాళ్లు కనీసం రెండు నెలలు కలిసి చేయాలి. షూటింగ్‌కి పంపినా జంటగానే పంపుతాను. ప్రొడక్షన్ వాళ్లు ఒక్కరే చాలంటే ఒప్పుకోను, దీనివల్ల కొన్ని పనులు పోయాయి కూడా. రోప్ దగ్గర మనిషి మారితే మళ్లీ రిహార్సల్ జరిగేదాకా మా పిల్లలు పైకి ఎక్కరు.

ఒళ్లు తగ్గించుకోమని ఎవరికీ చెప్పడం మానేశాను. ఉన్న ఒంటికి ఏ పని నప్పుతుందో చూస్తున్నాను. బరువున్న అమ్మాయికి రైలు, బస్సు, బోటు పనులు, తేలికైన అమ్మాయికి రోప్.

చేరేటప్పుడు ధైర్యం గురించి అడగను. ఇంతకుముందు ఏం చేశావు అని అడుగుతాను. చెట్లెక్కేవా, ఈత వచ్చా, బావిలో దూకేదానివా, కోలాటం ఆడేదానివా, తాటి దుంగ మీద కాలవ దాటేదానివా? ఒకమ్మాయి చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కల్లు గీతకి వెళ్లేదానినని చెప్పింది. మోకు కట్టుకోవడం ఆ అమ్మాయికి నేను నేర్పాల్సిన పని లేకపోయింది. నాకే ఒక ముడి నేర్పింది.

కబడ్డీ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మూడు వారాలు ఆమెని దూకనివ్వలేదు, పెట్టెలు పేర్చే పనిలో పెట్టాను. ఖాళీ అట్టపెట్టెలు మడతలు తెరిచి, మూలలు కోసి పెట్టాలి. లేకపోతే మీద పడ్డప్పుడు లోపలి గాలి బయటికి పోదు, పెట్టె బంతిలా ఎగరేస్తుంది. వరసకీ వరసకీ మధ్య సందులు ఒకదాని మీద ఒకటి రాకూడదు. చుట్టూ తాడు బిగించాలి, పైన పరుపు వేయాలి. మొదటి వారం విసుక్కుంది. "నేను వచ్చింది దూకడానికి కదక్కా" అంది. నాదియా రైలు ఫైటు ఆమెకి ఆ వారమే చూపించాను.

పోయిన శనివారం నిచ్చెన ఎక్కింది. సగం దాకా వెళ్లి ఆగి, కిందకి చూసి, దిగి వచ్చింది. రెండో వరసలో ఎడమవైపు పెట్టె బయటికి లాగింది. దాని మూలలు ఎవరో కోయడం మర్చిపోయారు. కత్తెర తెచ్చి నాలుగు మూలలూ కోసి, మళ్లీ తోసి, కాలితో నొక్కి చూసుకుని, అప్పుడు నా వైపు తిరిగింది.

"కొంచెం భయంగా ఉందక్కా" అంది.

దూకమన్నాను.